లూథర్ బర్బాంక్

లూథర్ బర్బాంక్ (1849 మార్చి 7 - 1926 ఏప్రిల్ 11) అమెరికాకు చెందిన ప్రముఖ ఉద్యానవేత్త, మొక్కల ప్రజననకారుడు. కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాంటా రోజా పట్టణంలో తన ఇంటి తోటలోను, సమీపంలోని సెబాస్టపోల్ తోటలోను యాభై సంవత్సరాలకు పైగా కృషి చేసి, 800కు పైగా కొత్త రకాల పండ్లు, పూలు, కూరగాయలు, ధాన్యాలు, గడ్డి మొక్కలను రూపొందించాడు. బర్బాంక్ బంగాళాదుంప, శాస్తా డైసీ పువ్వు, శాంటా రోజా ప్లమ్, ముళ్ళులేని నాగజెముడు వీటిలో ప్రసిద్ధమైనవి. ప్లమ్ (ఆల్బుఖారా), ఆప్రికాట్ (ఖుబానీ) జాతులను సంకరపరచి ప్లమ్‌కాట్ అనే కొత్త పండును ప్రచారంలోకి తెచ్చినది ఇతడే. తాను సృష్టించిన మొక్కలపై చట్టబద్ధమైన హక్కు ఏదీ లేకుండానే జీవితమంతా గడిపాడు. ఆ హక్కును కల్పించిన చట్టం అతని మరణానంతరం నాలుగేళ్ళకు వచ్చింది.

బాల్యం, విద్య

లూథర్ బర్బాంక్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని లాంకస్టర్‌లో 1849 మార్చి 7న జన్మించాడు. తండ్రి శామ్యూల్ వాల్టన్ బర్బాంక్ వ్యవసాయంతో పాటు ఇటుకల తయారీ కూడా చేసేవాడు. తల్లి ఆలివ్ రాస్. తండ్రికి ముగ్గురు భార్యల వలన కలిగిన పదిహేనుమంది సంతానంలో లూథర్ పదమూడవవాడు. చిన్నతనం నుండి తల్లి పెంచే పూలతోట అంటే ఇతనికి చాలా ఇష్టం. లాంకస్టర్ అకాడమీలో చదువుకున్నాడు. కళాశాల విద్య అభ్యసించలేదు. కొంతకాలం వూస్టర్ పట్టణంలో నాగళ్ళు తయారుచేసే కర్మాగారంలో పనిచేశాడు.

చార్లెస్ డార్విన్ 1868లో ప్రచురించిన, పెంపుడు జంతువులలోను, సాగు మొక్కలలోను కనిపించే వైవిధ్యం గురించిన గ్రంథం బర్బాంక్ జీవితాన్ని మలుపు తిప్పింది. ఒకే జాతి మొక్కలలో సహజంగా కనిపించే తేడాలను మనిషి ఎంపిక ద్వారా పెంచుకుంటూ పోవచ్చుననే భావన అతనికి ఈ పుస్తకం వలననే కలిగింది. తండ్రి మరణానంతరం వారసత్వంగా వచ్చిన సొమ్ముతో లూనెన్‌బర్గ్ వద్ద 17 ఎకరాల భూమి కొని, కూరగాయల సాగు ప్రారంభించాడు.

బంగాళాదుంప

బంగాళాదుంపను సాధారణంగా దుంప ముక్కలనుండే పెంచుతారు. అందువలన ప్రతి పంటా తల్లి మొక్క లాగానే ఉంటుంది. గింజ నుండి పెంచితే మాత్రం ప్రతి మొక్కా వేరుగా ఉంటుంది. 1872లో బర్బాంక్ తన పొలంలోని ఎర్లీ రోజ్ అనే రకం మొక్కకు ఒక కాయ ఉండటం గమనించాడు. ఆ రకం కాయలు కాయడం చాలా అరుదు. ఆ కాయలో 23 గింజలు లభించాయి. మరుసటి సంవత్సరం వాటిని నాటగా 23 మొక్కలూ వేరువేరు లక్షణాలతో పెరిగాయి. వాటిలో ఒకటి పెద్ద దుంపలతో అధిక దిగుబడినిచ్చింది. అదే బర్బాంక్ బంగాళాదుంపగా పేరుపొందింది.

ఈ దుంపపై హక్కులను మార్బుల్‌హెడ్‌కు చెందిన విత్తనాల వ్యాపారి జేమ్స్ గ్రెగరీకి 150 డాలర్లకు అమ్మాడు. తన వద్ద ఉంచుకున్న పది దుంపలతో 1875లో కాలిఫోర్నియాకు ప్రయాణమయ్యాడు. తరువాతి కాలంలో ఈ రకం నుండి సహజ మార్పు వలన ఏర్పడిన గరుకు తొక్క గల రస్సెట్ బర్బాంక్ అమెరికాలో విస్తారంగా సాగయింది. వేపుడు ముక్కల పరిశ్రమకు అది ముఖ్యమైన ముడిసరుకు అయింది. దానిని కనుగొన్నందుకు అతనికి దక్కినది ఆ 150 డాలర్లు మాత్రమే.

శాంటా రోజాలో స్థిరపడటం

శాంటా రోజా, శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన సొనోమా కౌంటీలో ఉంది. చలి తీవ్రత తక్కువగా ఉండే అక్కడి వాతావరణం పండ్లతోటలకు అనుకూలమైనది. మొదటి సంవత్సరాలలో బర్బాంక్ వడ్రంగి పని, కూలిపని చేసి జీవించాడు. కొద్దికాలానికి తల్లి, సోదరి కూడా అక్కడికి వచ్చి చేరారు. క్రమంగా ఒక చిన్న నర్సరీని ప్రారంభించాడు.

1881లో వచ్చిన ఒక పని ఇతనికి పేరు తెచ్చింది. వారెన్ డటన్ అనే వ్యాపారి, ఎండబెట్టడానికి పనికివచ్చే ప్రూన్ రకం ప్లమ్ మొక్కలు 20,000 అదే సంవత్సరం చివరికి కావాలని కోరాడు. మామూలుగా అటువంటి అంటుమొక్కలు తయారు కావడానికి రెండు సంవత్సరాలకు పైగా పడుతుంది. బర్బాంక్ బాదం గింజలను వేరుమూలంగా ఎంచుకున్నాడు. బాదం త్వరగా మొలకెత్తి వేగంగా పెరుగుతుంది. ప్లమ్, బాదం ఒకే ప్రజాతికి చెందినవి కావడం వలన ఒకదానిపై మరొకటి అంటుకుంటుంది. వేసవిలో ఆ మొలకలపై ప్రూన్ మొగ్గలను అంటు కట్టి, మొగ్గ అతుక్కున్న తరువాత బాదం కొమ్మను పూర్తిగా కోయకుండా వంచి ఉంచాడు. ఆ కొమ్మ ఆకులు వేరుకు ఆహారం అందిస్తుండగా ప్రూన్ మొగ్గ చిగురించింది. గడువులోగా దాదాపు అన్ని మొక్కలనూ అందజేయగలిగాడు.

ఆ తరువాత శాంటా రోజాలో ఇంటికోసం 4 ఎకరాల స్థలాన్ని, 1885లో సెబాస్టపోల్ వద్ద గోల్డ్ రిడ్జ్ అనే చోట మరికొంత భూమిని కొన్నాడు. గోల్డ్ రిడ్జ్ తోట విస్తీర్ణం 18 ఎకరాలు. ఇంటి తోటలో పూలు, కూరగాయలు, సున్నితమైన ప్రయోగాలు, గోల్డ్ రిడ్జ్‌లో పెద్ద సంఖ్యలో చెట్లు పెంచేవాడు. నర్సరీ వ్యాపారాన్ని క్రమంగా వదలి పూర్తిగా కొత్త రకాల సృష్టికే అంకితమయ్యాడు.

పని పద్ధతి

బర్బాంక్ పద్ధతిలో సంకరణం, ఎంపిక, అంటుకట్టడం అనే మూడు భాగాలుండేవి. సంకరణం కోసం ఎంచుకున్న పువ్వు పూర్తిగా విచ్చుకోకముందే చిన్న కత్తితో రేకులను, కేసరాలను తొలగించేవాడు. రేకులు లేని పువ్వు వద్దకు తేనెటీగలు అంతగా రావు. కేసరాలు లేనందువలన స్వపరాగ సంపర్కం జరగదు. మరో చెట్టు పువ్వులనుండి సేకరించిన పుప్పొడిని గడియారపు గాజుబిళ్ళలో ఉంచుకొని, వేలికొనతో కీలాగ్రంపై అద్దేవాడు.

ఈ విధంగా వచ్చిన గింజలను వేలసంఖ్యలో నాటేవాడు. మొలకల ఆకులు, కాండం, మొగ్గలను చూసి పనికిరానివాటిని తొలిదశలోనే పీకివేసేవాడు. వేలాది మొక్కల మధ్య నడుస్తూ అతివేగంగా ఎంపిక చేయగల నేర్పు ఇతనిలో ఉండేదని చూసినవారు ఆశ్చర్యపడేవారు. వదలివేసిన మొక్కలను కుప్పలుగా పోసి తగులబెట్టేవాడు. ఒక కొత్త రకం కోసం పదివేల మొక్కలు కాల్చివేయడం అతని తోటలో మామూలు విషయం.

పండ్లచెట్టు గింజనుండి పెరిగి కాపుకు రావడానికి చాలా సంవత్సరాలు పడుతుంది. పైగా ప్రతి మొలకకూ స్థలం కావాలి. ఈ రెండు ఇబ్బందులనూ బర్బాంక్ అంటుకట్టడం ద్వారా అధిగమించాడు. చిన్న మొలకల కొమ్మలను తెచ్చి, అప్పటికే కాపులో ఉన్న పెద్ద చెట్టు కొమ్మలపై అంటు కట్టేవాడు. రెండు మూడు సంవత్సరాలలోనే ఆ కొమ్మలు కాసేవి. ఈ విధంగా ఒకే చెట్టుపై వందలాది వేరువేరు ప్లమ్ రకాలు కాచేవి. తక్కువ స్థలంలో ఎక్కువ రకాలు పెంచుకోవాలనుకునే ఇంటి తోటలవారు ఒకే చెట్టుకు నాలుగైదు రకాలు అంటు కట్టేది కూడా ఈ సూత్రం మీదనే.

ప్లమ్‌లు, ప్లమ్‌కాట్

1885లో బర్బాంక్ జపాను నుండి ప్లమ్ మొక్కలను తెప్పించాడు. అమెరికాలో తరువాత సాగయిన జపాను తరహా ప్లమ్‌లలో అనేకం వీటి సంతతే. జపాను, ఐరోపా, అమెరికా, చైనా జాతులను కలిపి అతడు 113 రకాల ప్లమ్, ప్రూన్‌లను రూపొందించాడు. 1906లో విడుదలైన శాంటా రోజా ప్లమ్ వీటిలో అత్యంత ప్రజాదరణ పొందింది. టెంక లేని ప్లమ్ కోసం కూడా కృషి చేసి, మెత్తని పండులో పప్పు మాత్రమే ఉండే రకాన్ని సాధించాడు.

వీటికన్నా చర్చకు కారణమైనది ప్లమ్‌కాట్. ఆప్రికాట్ చెట్టు తొలి వసంతంలో, మిగిలిన పండ్లచెట్ల కన్నా ముందే పూస్తుంది. ఆ సమయంలో మంచు కురిస్తే పూత మాడి, ఆ సంవత్సరం కాపు ఉండదు. ఆప్రికాట్ రుచి, సువాసనలను ప్లమ్ చెట్టు దృఢత్వంతో కలపాలని బర్బాంక్ భావించాడు. అప్పటి పండితులలో అనేకులు ఈ రెండు జాతుల సంకరం సాధ్యం కాదని నమ్మేవారు. జపాను ప్లమ్‌ను తల్లిగా తీసుకొని చేసిన ప్రయత్నాలలో చివరకు గింజలు పడ్డాయి. పుట్టిన చెట్ల పండ్లు ఆప్రికాట్ వలె సన్నని నూగు, ప్లమ్ వలె పులుపుతో కూడిన రసం కలిగి, రెండింటికీ భిన్నమైన రుచితో ఉండేవి. రట్లాండ్, అపెక్స్ మొదలైన పేర్లతో మొత్తం 11 రకాల ప్లమ్‌కాట్‌లను అతడు రూపొందించాడు.

ఈ సంకరం ఎందుకు సాధ్యమయిందో తరువాతి కాలపు శాస్త్రం వివరించింది. జపాను ప్లమ్ కణాలలోను, ఆప్రికాట్ కణాలలోను 16 చొప్పున క్రోమోజోములుంటాయి. ఐరోపా ప్లమ్‌లో 48 ఉంటాయి. అందువలన ఆప్రికాట్‌తో జపాను ప్లమ్ కలిసినంత సులభంగా ఐరోపా ప్లమ్ కలవదు. బర్బాంక్‌కు క్రోమోజోముల లెక్క తెలియకపోయినా, అనేక జాతులను ప్రయత్నించి చూడటం వలన సరియైన జతను పట్టుకోగలిగాడు. పశ్చిమ, మధ్య ఆసియాలలో ఇటువంటి సంకరమైన నల్ల ఆప్రికాట్ ముందునుండే ఉన్నందున, ఈ పండు పూర్తిగా ఇతని సృష్టి అని చెప్పలేము. ఉద్దేశపూర్వకంగా ఆ సంకరాన్ని జరిపి, మార్కెట్టుకు తెచ్చిన ఖ్యాతి ఇతనిది. అయితే ప్లమ్‌కాట్ చెట్లలో చాలావాటికి కాపు తక్కువ. దూరప్రాంతాలకు పంపడానికి పండు అనువుగా ఉండేది కాదు. అందువలన బర్బాంక్ కాలంలో ఇది విస్తృతంగా సాగులోకి రాలేదు.

ఇతర మొక్కలు

నాలుగు డైసీ జాతులను కలిపి, సుమారు పదిహేడు సంవత్సరాల కృషితో 1901లో విడుదల చేసిన శాస్తా డైసీ తెల్లని పువ్వు అనేక దేశాల తోటలలో పెరుగుతున్నది. పశువుల మేతకోసం ముళ్ళులేని నాగజెముడును 1907లో ప్రకటించాడు. పొట్టిగా ఉండి, నాటిన కొద్దికాలానికే కాసే చెస్ట్‌నట్ చెట్లను కూడా ఎంపిక చేశాడు.

ఇతడు విడుదల చేసినవన్నీ మేలు చేయలేదు. భారతదేశం నుండి వచ్చిన గింజలతో పెంచి, హిమాలయా జెయింట్ అనే పేరుతో 1885లో విడుదల చేసిన బ్లాక్‌బెర్రీ నిజానికి హిమాలయాలకు చెందినది కాదు. అది ఆర్మేనియా ప్రాంతపు జాతి. తోటల హద్దులు దాటి అమెరికా పశ్చిమ తీరమంతా అల్లుకుపోయి, నిర్మూలించడానికి వీలుకాని ముళ్ళపొదగా మారింది.

శాస్త్రజ్ఞులతో సంబంధాలు

1893లో ప్రచురించిన కొత్త పండ్లు, పూల జాబితాతో బర్బాంక్ పేరు దేశవిదేశాలకు వ్యాపించింది. డచ్ వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూగో డి వ్రీస్ 1904లో ఇతని తోటను సందర్శించాడు. 1905లో కార్నెగీ సంస్థ సంవత్సరానికి 10,000 డాలర్ల చొప్పున సహాయం మంజూరు చేసి, పద్ధతులను అధ్యయనం చేసి నమోదు చేయడానికి జార్జ్ షల్ అనే జన్యుశాస్త్రజ్ఞుని పంపింది. అయితే బర్బాంక్ తన సంకరాలకు క్రమపద్ధతిలో రికార్డులు ఉంచలేదు. ఏ చెట్టుకు ఏది తల్లో, ఏది తండ్రో చాలా సందర్భాలలో అతని జ్ఞాపకంలో మాత్రమే ఉండేది. శాస్త్రానికి సాక్ష్యం కావాలి. బర్బాంక్‌కు పండు కావాలి. ఈ భేదం పరిష్కారం కాక 1909లో ఆ సహాయం నిలిచిపోయింది.

పరిసరాల ప్రభావం వలన కలిగిన లక్షణాలు సంతానానికి సంక్రమిస్తాయని బర్బాంక్ విశ్వసించాడు. తరువాతి జన్యుశాస్త్రం ఈ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. 1907లో పుస్తకరూపంలో వచ్చిన రచనలో, మొక్కలను పెంచినట్లే పిల్లలను ప్రేమతో, ఆరుబయట, మంచి ఆహారంతో పెంచాలని వాదించాడు. అదే కాలంలో అమెరికా ప్రజననకారుల సంఘం ఏర్పరచిన సుజనన కమిటీలో సభ్యుడిగా ఉండటం తరువాతి కాలంలో విమర్శకు గురయింది.

వ్యాపారంలో నష్టం

ఆ రోజులలో కొత్త మొక్కను సృష్టించినవారికి చట్టం ద్వారా రక్షణ ఉండేది కాదు. ఒక కొమ్మ అమ్మితే చాలు, కొన్నవాడు దానిని అంటు కట్టి వేలాది మొక్కలు తయారుచేసి అమ్ముకోవచ్చు. అందువలన బర్బాంక్ ఒక రకం మొత్తాన్ని ఒకేసారి పెద్ద ధరకు నర్సరీలకు అమ్మేవాడు. తరువాత దానినుండి ఎంత ఆదాయం వచ్చినా అతనికి చేరేది కాదు.

1912లో ఇతని పేరుతో ఏర్పడిన ఒక కంపెనీకి మొక్కలు, విత్తనాల అమ్మకం హక్కులు ఇచ్చాడు. గిరాకీకి తగినన్ని ముళ్ళులేని నాగజెముడు మొక్కలు లేకపోవడంతో ఆ కంపెనీ మామూలు నాగజెముడు ముళ్ళను తొలగించి అమ్మింది. నాటిన తరువాత ముళ్ళు మళ్ళీ రావడంతో కొన్నవారు మోసపోయారు. కంపెనీ దివాలా తీసి మూతపడింది. తప్పు అతనిది కాకపోయినా, పేరు అతనిదే కావడం వలన అపకీర్తి కూడా అతనికే వచ్చింది.

వ్యక్తిగత జీవితం, చివరి రోజులు

బర్బాంక్ 1890లో హెలెన్ కోల్‌మన్‌ను వివాహమాడాడు. ఈ వివాహం 1896లో విడాకులతో ముగిసింది. 1916లో ఎలిజబెత్ వాటర్స్‌ను వివాహమాడాడు. ఇతనికి సంతానం లేదు. 1915లో థామస్ ఎడిసన్, హెన్రీ ఫోర్డ్ శాంటా రోజా వచ్చి ఇతని తోటను చూశారు.

భారతీయ యోగి పరమహంస యోగానంద బర్బాంక్‌కు సన్నిహిత మిత్రుడు. 1946లో ప్రచురితమైన తన ఆత్మకథను బర్బాంక్ స్మృతికి అంకితమిచ్చి, అందులో ఒక అధ్యాయాన్ని ఇతని గురించి వ్రాశాడు. తెలుగులోకి అనువాదమైన ఆ గ్రంథం ద్వారానే చాలామంది తెలుగు పాఠకులకు బర్బాంక్ పేరు తెలిసింది.

1926 జనవరిలో ఒక పత్రికతో మాట్లాడుతూ, తనకు సాంప్రదాయిక మతవిశ్వాసాలపై నమ్మకం లేదని బర్బాంక్ ప్రకటించాడు. ఇది దేశవ్యాప్తంగా వివాదాన్ని రేపింది. వేలాది ఉత్తరాలు వచ్చాయి. వాటికి సమాధానాలు ఇవ్వడానికి ప్రయత్నించి అలసిపోయాడు. మార్చి నెలలో గుండెపోటుకు గురై, 1926 ఏప్రిల్ 11న శాంటా రోజాలో మరణించాడు. అతని కోరిక ప్రకారం ఇంటి ముందు తాను నాటిన లెబనాన్ దేవదారు చెట్టు క్రింద ఖననం చేశారు.

మరణానంతరం

1930లో అమెరికా ప్రభుత్వం మొక్కల పేటెంటు చట్టాన్ని చేసింది. చట్టం కోసం వాదించినవారు బర్బాంక్ అనుభవాన్ని ప్రధానమైన ఉదాహరణగా చూపారు. అతని మరణానంతరం అతని పేరుపై 16 మొక్కల పేటెంట్లు మంజూరయ్యాయి. అయితే దుంపలద్వారా వ్యాప్తి చేసే మొక్కలను ఆ చట్టం మినహాయించింది. అందువలన బర్బాంక్ మొట్టమొదటి సృష్టి అయిన బంగాళాదుంపకు ఆ చట్టం ఉన్నా రక్షణ లభించి ఉండేది కాదు.

ప్లమ్‌కాట్‌పై బర్బాంక్ ప్రారంభించిన కృషి ఆగిపోలేదు. అతని వద్ద మెళకువలు నేర్చిన ఫ్రెడ్ ఆండర్సన్ నెక్టరిన్ పండ్ల అభివృద్ధిలో పేరుపొందాడు. ఆండర్సన్ వద్ద పనిచేసిన ఫ్లాయిడ్ జైగర్ (1926 - 2020) ప్లమ్‌కాట్‌ను తిరిగి ప్లమ్‌తో సంకరపరచి, 1980వ దశకం చివరలో ప్లుఆట్ అనే పండును విడుదల చేశాడు. కాపు తక్కువ, రవాణాకు పనికిరాదు అనే లోపాలు దీనితో చాలావరకు తొలగి, బర్బాంక్ ఊహించిన పండు సాధారణ మార్కెట్టుకు చేరింది. పెరటితోటలలోను, పెద్ద కుండీలలోను పెంచడానికి వీలుగా పొట్టిగా పెరిగే పీచ్, నెక్టరిన్, ఆప్రికాట్ రకాలను కూడా జైగర్ కుటుంబ సంస్థ రూపొందించింది. ఇటువంటి చెట్లలో కణుపుల మధ్య దూరం తక్కువగా ఉండటం వలన చెట్టు చిన్నదైనా పండు పరిమాణం తగ్గదు.

ఆప్రికాట్‌కు శీతాకాలంలో కొన్ని వందల గంటల చలి తప్పనిసరి. అందువలన భారతదేశంలో ఇది లడఖ్, కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ వంటి చలి ప్రాంతాలలోనే పండుతుంది. తెలుగువారికి ఇది ఎండు పండుగానే, ముఖ్యంగా హైదరాబాదు విందులలో వడ్డించే ఖుబానీ కా మీఠా ద్వారా పరిచయం.

గుర్తింపు

- బర్బాంక్ జన్మదినమైన మార్చి 7వ తేదీని కాలిఫోర్నియాలో వృక్షారోపణ దినంగా పాటిస్తారు.
- 1940లో అమెరికా తపాలా శాఖ ఇతని చిత్రంతో 3 సెంట్ల తపాలా బిళ్ళ విడుదల చేసింది.
- శాంటా రోజాలోని ఇల్లు, తోట 1964లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందాయి. తోట సందర్శకులకు తెరిచి ఉంటుంది.
- 1986లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఇతని పేరు చేర్చబడింది.